ద్రాక్ష తోటకి డ్రిప్ ఉన్నా నీళ్ళు చాలడం లేదు, ఇంకో బోరు వేయాలా?

పలమనేరు తోట:
అందరికీ నమస్తే. మాది పలమనేరు పక్కన పల్లె, రెండెకరాల ద్రాక్ష ఉండాది, పందిరి మింద దిల్‌ఖుష్ రకం, డాగ్‌రిడ్జ్ వేరు మొక్క మింద అంటు కట్టిందే. 10 అడుగులకి 6 అడుగుల లెక్కన పెట్టినాము. ఎర్ర నేల, రవ్వంత ఇసుక పాలు ఎక్కువ. నవంబర్‌లో కత్తిరించినాము, ఇప్పుడు గుత్తుల్లో కాయ ఊరే టైము. బోరు ఒకటే, చెట్టుకి 4 లీటర్ల డ్రిప్పర్లు రెండు. పగలు కరెంటు 9 గంటలు ఇస్తారు, ఆ 9 గంటలూ తోటకే పారతా ఉండాయి నీళ్ళు. అయినా కింద పక్క వరసల్లో మధ్యాన్నం అయ్యేసరికి ఆకు వాలిపోతా ఉండాది, కాయ కూడా పై వరసల్లో మాదిరి లావు కావడం లేదు. మా మామ ఇంకో బోరు వేద్దాం, 1000 అడుగులు పోతే పడతాది అంటా ఉండాడు. లక్షల్లో పని, పడకపోతే ఆ అప్పు ఎట్ల తీర్చాల్నో తెలీదు. తోటలు పెట్టినోళ్ళు ఎవురైనా ఉంటే రవ్వంత చెప్పండి.

కుప్పం మల్బరీ:
అన్నా దండం పెడతా, బోరు మాట ఇప్పుడే ఎత్తొద్దు. మా ఊర్లో ఒకాయన పక్కపక్కనే మూడు పొడిచినాడు, మూడోది పడినాక మొదటిది ఎండిపోయింది. కింద ఉండే నీళ్ళు ఒకటే గదా. 2025 ఆగస్టులో హంద్రీ నీవా నీళ్ళు మా కుప్పం దాకా వచ్చినాయి, చెరువులు నిండితే మన బోర్లు కూడా రవ్వంత ఎక్కుతాయని ఆశ. ముందు ఉండే నీళ్ళు యాడికి పోతా ఉండాయో చూడు. ఇంకో మాట, కొత్త బోరుకి వాల్టా చట్టం (నీళ్ళు, భూమి, చెట్ల చట్టం) కింద పర్మిషన్ కావాల, పక్కోళ్ళ బోరుకి ఎంత దూరం ఉందో కూడా చూస్తారు.

పూతలపట్టు మామిడి:
నాకు 30 ఎకరాల తోతాపురి ఉండాది, వయసు కూడా అయింది, చూసింది చెప్తా. ఈ డ్రిప్పు సుక్క సుక్క కారేది చెట్టుకి యాడ చాలతాది అబ్బాయా? పాదు చేసి వారానికి ఒకసారి నిండా పారగడితే చెట్టు కడుపు నిండతాది. ఎండాకాలం డ్రిప్పు నమ్ముకున్న తోటలు వాడిపోయేది నేను కళ్ళారా చూసినాను. డ్రిప్పు తీసేయమనను, నెలకి ఒకటి రెండు తడులు కాలవ కట్టి పారించి చూడు.

తోటల సార్:
నేను ఉద్యాన శాఖలో పనిచేసి రిటైర్ అయ్యాను, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నా. పలమనేరు బాబూ, బోరు వేయాలా వద్దా అని ఇక్కడ ఎవరూ చెప్పలేరు, నీ తోటలో మూడు సంగతులు తెలిస్తే దారి దానంతట అదే కనబడుతుంది.

ఒకటి, 200 లీటర్ల డ్రమ్ము బోరు పైపు కింద పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో వాచీ పెట్టి చూడు. మోటారు వేసిన వెంటనే కాదు, రెండు మూడు గంటలు ఆడినాక చూడు, అప్పటికే బోరు అసలు సత్తా బయటపడుతుంది. రెండోది, రెండెకరాలకీ గేటువాల్వులు ఎన్ని ఉన్నాయి, ఒకేసారి అంతా పారుతోందా, విడివిడిగా పారిస్తున్నావా? మూడోది, తోట మొదట్లో ఒక డ్రిప్పర్ కింద, మధ్యలో ఒకదాని కింద, అన్నిటికన్నా చివర ఒకదాని కింద చిన్న గుంత తవ్వి లీటరు బాటిలు పెట్టు. సరిగ్గా 15 నిమిషాలు పట్టు. 4 లీటర్ల డ్రిప్పర్ బాగా పనిచేస్తుంటే 15 నిమిషాలకి లీటరు పడాలి. ఎంత పడిందో రాసి ఇక్కడ పెట్టు, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

పూతలపట్టు పెద్దాయన చెప్పింది కూడా కొట్టిపారేయను, దానికి తర్వాత వస్తాను.

ముళబాగిలు ద్రాక్ష:
సార్ అడిగిన బాటిల్ పని తప్పకుండా చేయన్నా, మా పక్క కోలారులో చానా మంది అది చేయకుండానే ఎరువుల అంగడికి పోయి మందులు తెచ్చుకుంటారు, కాయ ఊరడం లేదని. వాల్వు దగ్గరే తేలిపోయేదానికి.

పలమనేరు తోట:
సార్ మీరు చెప్పినట్టే చేసినా. డ్రమ్ము రెండు నిమిషాలకి నిండింది. గేటువాల్వు ఒకటే ఉండాది సార్, డ్రిప్పు వేసినోళ్ళు మెయిన్ లైనుకి ఒక వాల్వు పెట్టి సబ్ మెయిన్లు రెండూ దానికే కలిపేసి పోయినారు, బిల్లులో మాత్రం రెండు వాల్వులు అని ఉండాది. అప్పుడు అడిగితే రెండెకరాలకి ఒకటే చాలతాది అన్నారు. బాటిల్లో మొదటి వరసలో 950 మిల్లీలీటర్లు పడింది. మధ్యలో అర లీటరు దగ్గిర. చిట్టచివర 300 మిల్లీలీటర్లు. రెండోసారి కూడా పట్టినా, దాదాపు అంతే వచ్చింది. డ్రిప్పర్ల మూతి చుట్టూ తెల్లగా సున్నం మాదిరి కట్టింది కూడా చూసినా.

తోటల సార్:
ఇదే అనుకున్నాను నాయనా. లెక్క వేసి చూపిస్తా, అందరూ చూడండి, మీ తోటలకీ పనికొస్తుంది.

డ్రమ్ము రెండు నిమిషాలకి నిండిందంటే గంటకి 6,000 లీటర్లు. 10 అడుగులకి 6 అడుగులు అంటే చెట్టుకి 60 చదరపు అడుగులు, ఎకరాకి 726 చెట్లు. చెట్టుకి రెండు డ్రిప్పర్లు, గంటకి 8 లీటర్లు, అంటే ఎకరం మొత్తం సరిగ్గా పారాలంటే గంటకి 5,808 లీటర్లు కావాలి. రెండెకరాలకి 11,616. నీ బోరు ఇచ్చేది 6,000. ఒకే వాల్వు మీద రెండెకరాలు తెరిస్తే ఒత్తిడి పడిపోక ఏమవుతుంది? మోటారుకి దగ్గరగా ఉన్న చెట్లు తాగినంత తాగి, కింద పక్క చెట్లకి మిగిలిందే దక్కుతుంది.

నీ బాటిల్ లెక్క ప్రకారం మొదటి వరస చెట్టుకి గంటకి 7.6 లీటర్లు, 9 గంటలకి 68 లీటర్లు. చివరి చెట్టుకి గంటకి 2.4, రోజంతా పారినా 22 లీటర్లు. ఒకే తోటలో, ఒకే రోజు, ఒక చెట్టుకి ఇంకో చెట్టుకి మూడింతల తేడా. నీ ఎర్ర నేలలో ఇసుక ఎక్కువ కాబట్టి నీళ్ళు పక్కకి పాకవు, నిలువుగా దిగిపోతాయి. ద్రాక్షకి పని చేసే వేర్లు ఎక్కువ భాగం పైన రెండు అడుగుల్లోనే ఉంటాయి. మొదటి వరసల్లో ఆ 68 లీటర్లలో సగానికి పైగా వేరు దాటి కిందికి పోతోంది, నువ్వు డ్రిప్పులో వదిలే ఎరువుని కూడా తీసుకొని పోతోంది. నీళ్ళు చాలడం లేదు అనే తోటలోనే నీళ్ళు వృథా అవుతున్నాయి, రెండూ ఒకేసారి జరుగుతున్నాయి.

వాల్వు రెండోది పెట్టించు. ఒక ఎకరం 4 గంటలు, ఇంకో ఎకరం 4 గంటలు. 5,808 కావాల్సిన చోట 6,000 వస్తుంది, సరిపోతుంది. చెట్టుకి 32 లీటర్లు అందరికీ ఒకేలా అందుతుంది. ఇంకో గంట కరెంటు మిగులుతుంది.

ఎస్వీ అగ్రి:
సార్ లెక్క సూపర్. నేను తిరుపతి వ్యవసాయ కళాశాలలో పీజీ చేస్తున్నా, ద్రాక్ష మీద కాదు గానీ నీటి యాజమాన్యమే నా సబ్జెక్టు. అసలు చెట్టుకి రోజుకి ఎంత కావాలి, 32 లీటర్లు చాలా ఎక్కువా తక్కువా అనేది కూడా మనమే తోటలో కొలుచుకోవచ్చు, దానికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు అని చెప్దామని రాస్తున్నా, కొంచెం పొడుగు అవుతుంది ఓపిక పట్టండి.

కాలిఫోర్నియాలో కెర్నీ అనే రీసెర్చ్ సెంటర్‌లో థామ్సన్ సీడ్‌లెస్ ద్రాక్ష చెట్లని పెద్ద తూకం తొట్టిలో పెంచి, రోజూ ఎంత నీళ్ళు తాగుతున్నాయో బరువు చూసి లెక్క కట్టారు, లారీ విలియమ్స్ అనే సైంటిస్టు చేసిన పని అది. దాంట్లో తేలింది ఏందంటే ద్రాక్ష తాగే నీళ్ళు మిట్టమధ్యాన్నం దాని నీడ నేల మీద ఎంత పడుతుందో దాన్ని బట్టే నడుస్తాయి. నీడ ఎంత శాతం ఉందో దాన్ని 0.017తో గుణిస్తే పంట గుణకం వస్తుంది, అంటే ఎండ లెక్కని దేంతో గుణిస్తే చెట్టుకి కావాల్సిన నీళ్ళు తెలుస్తాయో ఆ అంకె.

ఎట్ల కొలవాలంటే, మీ తోటలో చెట్టుకి 10 అడుగులు 6 అడుగులు అన్నారు కదా, మధ్యాన్నం పన్నెండు దాటినాక ఒక చెట్టు కింద తాడుతో ఆ చోటు మొత్తం గీసి, అడుగు అడుగుకి గడులు పెట్టండి, సుద్ద చల్లినా సరే. మొత్తం 60 గడులు వస్తాయి. వాటిలో సగానికి పైగా నీడ ఉన్న గడులు ఎన్నో లెక్క పెట్టండి. 36 గడులు నీడలో ఉంటే 60 శాతం. ఒక్క చెట్టు కాదు, తోటలో అక్కడక్కడా నాలుగైదు చెట్ల కింద చూసి సగటు తీయండి.

ఇప్పుడు ఎండ లెక్క. ఆవిరి పళ్ళెం అని ఉంటుంది, 4 అడుగుల వెడల్పు 10 అంగుళాల లోతు జీఐ రేకు తొట్టి, చెక్క పలకల మీద పెడతారు, దాంట్లో రోజుకి ఎన్ని మిల్లీమీటర్ల నీళ్ళు ఆవిరి అయ్యాయో చూస్తారు. మా దగ్గర తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో అబ్జర్వేటరీ ఉంది. రోజుకి 7 మిల్లీమీటర్లు అనుకుందాం, పళ్ళెంలో ఆవిరి పంట నేల మీద కన్నా ఎక్కువ ఉంటుంది కాబట్టి 0.7తో గుణిస్తే 4.9. నీడ 60 శాతం అంటే గుణకం 1.02. రెండూ గుణిస్తే 5 మిల్లీమీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు అంటే లీటరు నీళ్ళు, మీ చెట్టుకి చోటు 5.57 చదరపు మీటర్లు, 28 లీటర్లు వచ్చింది. డ్రిప్పులో అటూ ఇటూ పోయేది 10 శాతం వేసుకుంటే 31 లీటర్లు. సార్ చెప్పిన 4 గంటలకి సరిపోయింది చూడండి.

అసలు విషయం ఇక్కడుంది. ఏప్రిల్, మే నెలల్లో కొమ్మలన్నీ వెనక్కి కత్తిరించి చెట్టుని మోడు చేస్తారు కదా, అప్పుడు చిగురు వచ్చే మొదట్లో నీడ 15 శాతం కూడా ఉండదు. 60 గడుల్లో 9 గడులు. గుణకం 0.25 దగ్గర. అదే ఎండకి చెట్టుకి 7 లీటర్లు, డ్రిప్పు నష్టం కలిపితే 8 లీటర్లు లోపే. గంట పారితే చాలు! ఎండ భగ్గుమంటోంది కదా అని మనం మాత్రం అప్పుడే అన్నిటికన్నా ఎక్కువ పారిస్తాం. మన జిల్లాలో బోర్లు దిగిపోయే నెలలు కూడా అవే. నీళ్ళు మిగల్చాలంటే అసలైన చోటు ఆ నెలలే.

పూతలపట్టు మామిడి:
చదివినా అబ్బాయా, బాగా చెప్పినావు. ఒకటి అడగతా. ఆ కాలిఫోర్నియా ఎండ వేరే, మన ఎండ వేరే. ఆడి గాలి వేరే. ఆడ కొలిచిన లెక్క ఈడ ఎట్ల పనికొస్తాది?

ఎస్వీ అగ్రి:
మంచి ప్రశ్న పెద్దాయనా. లెక్కలో రెండు ముక్కలు ఉన్నాయి. ఎండ, గాలి, తేమ ఎట్ల ఉన్నాయో అది ఆవిరి పళ్ళెం చెప్తుంది, ఆ ముక్క మన తిరుపతిదే, పలమనేరుదే, అక్కడిది కాదు. చెట్టుకి ఎంత ఆకు ఉంది అనేది నీడ చెప్తుంది, ఆ ముక్క ద్రాక్ష చెట్టు గుణం. అయినా మీరన్నట్టు కళ్ళు మూసుకొని నమ్మకూడదు, అందుకే లెక్క ప్రకారం పారించి, రెండు మూడు రోజులకి ఒకసారి వేరు దగ్గర అడుగున్నర లోతున మట్టి తీసి పిడికిట్లో పిసికి చూడాలి. ముద్ద కట్టి, వేలితో నొక్కితే చీలిపోతే సరిగ్గా ఉంది. చేతికి తడి అంటుకుంటూ ఉంటే ఎక్కువ. ముద్దే కట్టకుండా రాలిపోతే తక్కువ. మట్టి చెప్పిందాన్ని బట్టి ఒక అరగంట పెంచడం, తగ్గించడం.

గ్రామీణ కృషి మౌసం సేవ కింద మంగళవారం, శుక్రవారం వాతావరణ బులెటిన్ వస్తుంది, వాన సూచన అందులో చూసుకోండి. పడిన వానని లెక్కలో తీసేయాలి, అది చాలా మంది మర్చిపోతారు.

ముళబాగిలు ద్రాక్ష:
మన పక్క ఇంకో చిక్కు ఉండాది, మహారాష్ట్ర వాళ్ళ మాదిరి అక్టోబర్‌లో కత్తిరిస్తే మనకి ఈశాన్య వానలు నెత్తిన పడతాయి. నవంబర్‌లో ఎడతెరిపి లేకుండా పడతా ఉన్నా డ్రిప్పు ఆపని తోటలు చూసినా, బూజు తెగులు పట్టి గుత్తులు ముద్దలు ముద్దలుగా పోయినాయి. వాన ఉన్నప్పుడు మోటారు తాళం తీయకూడదు.

ఇంక అన్న అడిగిన దానికి నా మాట. నీళ్ళు తగ్గించేటప్పుడు ఏ దశలో తగ్గిస్తా ఉన్నామో చూసుకోవాల, అన్ని దశలూ ఒకటి కాదు. కాయ పట్టినప్పటి నుంచి రంగు తిరిగేదాకా దిల్‌ఖుష్ లాంటి తినే రకాలకి ఆకలి చూపించకూడదు. అప్పుడు కాయ చిన్నగా నిలిచిపోతే తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా లావు కాదు. బెంగుళూరు మార్కెట్‌లో కాయ సైజు చూసే రేటు కడతారు. అన్న తోటలో కింద వరసల్లో అదే జరిగింది, అందుకే వాల్వు పని రేపే చేయించన్నా, ఈ పంట రంగు తిరగక ముందే.

రంగు తిరిగినాక రవ్వంత తగ్గించినా నష్టం లేదు, తీపి పెరుగుతాది. కోతకి ముందు ఒక్కసారిగా ఎక్కువ పారిస్తే కాయ పగిలిపోతాది, ఆ తప్పు మాత్రం చేయొద్దు.

ఏప్రిల్, మేలో చేసే వెనక కత్తిరింపు అయినాక 40 రోజుల నుంచి 60 రోజుల దాకా కొమ్మలో వచ్చే ఏడు గుత్తికి మొగ్గ కట్టే టైము. అప్పుడు నీళ్ళు బాగా తగ్గించాల. కొమ్మ కొన పరుగు ఆపితేనే కన్ను గుత్తి కన్ను అవుతాది. నీళ్ళు ఎక్కువ ఇస్తే అంతా ఆకు, తీగలే. పూణే దగ్గర మాంజరిలో ద్రాక్ష పరిశోధనా కేంద్రం వాళ్ళు చెప్పేది కూడా ఇదే.

పూతలపట్టు మామిడి:
ఇది మాత్రం నిజం. మామిడికి కూడా పూతకి ముందు నీళ్ళు ఆపేస్తాము, తడి ఇస్తే పూత బదులు చిగురు వస్తాది. ద్రాక్షకి కూడా అట్లే అంటే నాకు ఇప్పుడు అర్థమయింది.

తోటల సార్:
పెద్దాయన కాలవ కట్టి పారించమన్న మాటకి వస్తానన్నా కదా. డ్రిప్పు తోటలో వేరు డ్రిప్పర్ కింద తడిసిన చోటే పెరుగుతుంది. నడుమ పొడి నేలలో వేరు తక్కువ. అందుకే కరెంటు నాలుగు రోజులు పోతే డ్రిప్పు తోట పాదు తోట కన్నా ముందు వాడుతుంది, పెద్దాయన చూసింది అదే అయ్యుంటుంది. దానికి మందు కాలవ కట్టడం కాదు, తడిసే చోటు పెంచడం. ఒక్కో చెట్టుకి 4 లీటర్ల రెండు డ్రిప్పర్ల బదులు 2 లీటర్లవి నాలుగు, మొదలుకి రెండు పక్కలా అడుగున్నర దూరంలో పెడితే, ఇదే నీళ్ళతో తడి వెడల్పు అవుతుంది, వేరు కూడా పరుచుకుంటుంది. ఇసుక నేలలకి ఇది చాలా ముఖ్యం. ఆ 4 గంటలు కూడా ఒకేసారి కాకుండా పొద్దున రెండు, మధ్యాన్నం దాటి రెండు చేస్తే ఇంకా మేలు, లోతుకి దిగిపోయేది తగ్గుతుంది.

ఎస్వీ అగ్రి:
సార్ ఇంకో పద్ధతి ఉంది, దాని మీద మీ అభిప్రాయం కావాలి. ఆస్ట్రేలియాలో 1990ల్లో ద్రాక్ష మీదే పైకి తెచ్చారు, వేరుకి ఒక పక్క తడిపి ఇంకో పక్క ఎండబెట్టి, కొన్ని రోజులకి పక్కలు మార్చడం. ఎండిన పక్క వేరు నుంచి అబ్సిసిక్ యాసిడ్ అనే హార్మోన్ ఆకుకి పోయి ఆకు రంధ్రాలు కొంచెం మూసుకుంటాయి, నీళ్ళు తక్కువ ఆవిరి అవుతాయి, ఇంకో పక్క తడి ఉంది కాబట్టి చెట్టు వాడదు. చెట్ల వరసకి లేటరల్ పైపులు (డ్రిప్పర్లు ఉండే సన్న పైపులు) రెండు వేస్తే మన దగ్గర కూడా చేయొచ్చు కదా?

తోటల సార్:
చేయొచ్చు. దాని మీద తర్వాత చాలా దేశాల్లో పరీక్షలు చేస్తే, అవే నీళ్ళు మామూలుగా తగ్గించి ఇచ్చినా చాలా చోట్ల దాదాపు అదే ఫలితం వచ్చింది. రెండో పైపు ఖర్చు, వాల్వులు తిప్పే పని అదనం. పైగా అక్కడ వైన్ ద్రాక్ష, కాయ చిన్నదైతే వాళ్ళకి మంచిదే, రంగు, రుచి తొక్కలో ఉంటాయి. మనకి కాయ లావు కావాలి. అక్కడే విక్టోరియా రాష్ట్రంలో తటూరా అనే ఊళ్ళో అంతకన్నా ముందు పీచ్ తోటల్లో దశ చూసి నీళ్ళు తగ్గించే పద్ధతి పెట్టారు, మనకి అది దగ్గర. ముళబాగిలు తమ్ముడు చెప్పిందీ అదే దారి, వాళ్ళది పీచ్, మనది ద్రాక్ష, దశలు మారతాయి అంతే. రెండెకరాల రైతుకి నేనైతే వాల్వు, ఫిల్టరు, బాటిలు, మట్టి పిడికిలి, వీటి తర్వాతే మిగతావి అంటాను.

కుప్పం మల్బరీ:
మల్చింగ్ సంగతి ఎవురూ ఎత్తలేదు. అన్నా, మన పక్క వేరుశనగ పొట్టు, చెరకు ఆకు దండిగా దొరుకుతాయి గదా, చెట్టు మొదలుకి జానెడు వదిలి డ్రిప్పర్ చుట్టూ మూడు నాలుగు అంగుళాల మందం పరిస్తే నేల నుంచి ఆవిరి అయ్యేది తగ్గుతాది, కలుపు కూడా తగ్గుతాది. మల్బరీలో నేను చేస్తా ఉండా, మధ్యాన్నం ఆకు ఎత్తి చూస్తే కింద మట్టి చల్లగా ఉంటాది, పక్కన ఆకు లేని చోట చెయ్యి పెట్టలేము. చెద పట్టకుండా చూసుకోవాల, వేపపిండి రవ్వంత కలిపి వేస్తా నేను.

సోమల దొండ పందిరి:
అందరికీ నమస్తే, నాది దొండ, పందిరి మిందే. ఈ నీడ గడుల లెక్క దొండకి కూడా వేసుకోవచ్చా?

ఎస్వీ అగ్రి:
గడులు లెక్క పెట్టడం వరకు వేసుకోండి అన్నా, నీడ పెరిగే కొద్దీ నీళ్ళు పెంచాలి అనే మాట తీగ పంటలన్నిటికీ పనికొస్తుంది. ఆ 0.017 మాత్రం ద్రాక్ష మీద తీసిన అంకె, దొండకి అదే పెట్టొద్దు. మీరు మట్టి పిడికిలి చూసి సరిచేసుకోండి.

పలమనేరు తోట:
అందరికీ చానా థాంక్స్. రెండో వాల్వు పెట్టించేసినా. మళ్ళీ బాటిల్లు పెట్టి చూస్తే మొదట్లో దాదాపు లీటరు, చివర 800 దాకా వస్తా ఉండాది. 300 నుంచి 800! కింద వరసల్లో మధ్యాన్నం ఆకు వాలడం తగ్గింది, తీగ కొనలు కూడా తల ఎత్తినాయి. మామ వచ్చి బాటిల్లు తనే పెట్టి చూసుకున్నాడు, బోరు మాట ఈ ఏటికి ఆపినాడు. పొద్దున నీడ లెక్క కాదు మధ్యాన్నమే చూడాలన్నారు గదా, తాడు గీసి చూసినా, నాలుగు చెట్ల సగటు 34 గడులు వచ్చింది. ఒకటి మిగిలింది. చివర ఆ 200 ఎందుకు తక్కువ, ఆ తెల్ల సున్నం వల్లనా? దానికి యాసిడ్ పెట్టాలంటారు, చెట్టుకి ఏమీ కాదా?

తోటల సార్:
34 గడులంటే 57 శాతం, 4 గంటలు సరిగ్గా ఉంది, మార్చొద్దు.

ఆ 200 తేడాకి సున్నమే ముఖ్య కారణం అయ్యుంటుంది. మన పడమటి మండలాల్లో బోరు నీళ్ళలో బైకార్బొనేట్లు ఎక్కువ ఉండే చోట్లు ఉన్నాయి, డ్రిప్పర్ మూతి దగ్గర నీరు ఆవిరై సున్నం పేరుకుంటుంది. ముందు ఫిల్టరు కడిగి, సన్న పైపుల చివర ఎండ్ క్యాప్‌లు విప్పి రెండు నిమిషాలు నీళ్ళు వదులు, ఎర్రగా మురికి పోతుంది, తేటగా వచ్చేదాకా వదలాలి. తర్వాత హైడ్రోక్లోరిక్ యాసిడ్. బక్కెట్‌లో నీళ్ళు పోసి దాంట్లో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్ళు ఎప్పుడూ పోయకూడదు, ఎగిరి మీద పడుతుంది. చేతికి తొడుగు, కంటికి అద్దాలు పెట్టుకో, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వొద్దు. వెంచురీలో (డ్రిప్పులోకి ఎరువు పీల్చే గొట్టం) పంపిస్తూ చివరి డ్రిప్పర్ దగ్గర పీహెచ్ పేపరు పెట్టు, పీహెచ్ 4 దగ్గరికి వచ్చినాక మోటారు ఆపేయి. పైపుల్లో 24 గంటలు అలాగే ఉంచి, మరుసటి రోజు ఎండ్ క్యాప్‌లు విప్పి బాగా కడిగేయి. ఇట్లా చేస్తే చెట్టుకి ఏమీ కాదు. ఎరువు వదిలిన రోజు మాత్రం చేయొద్దు.

ఇంకో జాగ్రత్త చెప్పాలి, నీళ్ళు పొదుపు చేసే తోటల్లో ఇదే ఎక్కువ మంది చూడరు. నీళ్ళు లెక్కగా ఇచ్చేకొద్దీ వాటిలో ఉన్న ఉప్పు తడి అంచుల్లో పేరుకుంటుంది. ద్రాక్ష ఉప్పుకి కొంచెం సుకుమారం, మట్టిలో ఈసీ (ఉప్పు ఎంత ఉందో చెప్పే అంకె) 1.5 దాటినాక ఒక్కో యూనిట్ పెరిగే కొద్దీ దిగుబడి దాదాపు 10 శాతం తగ్గుతుందని లెక్క ఉంది. నీది డాగ్‌రిడ్జ్ వేరు కాబట్టి సొంత వేరు తోట కన్నా ఎక్కువే ఓర్చుకుంటుంది, అయినా నీళ్ళూ మట్టీ రెండూ ఏడాదికి ఒకసారి టెస్టు చేయించు, కలికిరి కృషి విజ్ఞాన కేంద్రం అయినా, మీ రైతు సేవా కేంద్రంలో ఇచ్చినా సరే. ఈశాన్య వానలకి ఆ ఉప్పు కొంత కిందికి కడిగిపోతుంది. వానలు సరిగ్గా పడని ఏడు, కోత అయినాక ఒకసారి పొడుగు తడి కావాలని ఇచ్చి కడగాలి. పూతలపట్టు పెద్దాయన అన్న పెద్ద తడికి చోటు అక్కడ ఉంది.

పూతలపట్టు మామిడి:
సంతోషం సారూ. మా తోటలో కూడా ఒక పది ఎకరాలకి డ్రిప్పు ఉండాది, రేపు బాటిల్లు పెట్టి చూస్తా. మామిడికి చెట్టుకి నాలుగు డ్రిప్పర్లు, నాలుగిటి కిందా పెట్టాల్నా, ఒకటి చాలునా?

తోటల సార్:
ఒక్కో చెట్టు కింద ఒకటి చాలు, కానీ తోటలో మొదట, మధ్య, చివర కలిపి పదీ పదిహేను చెట్లు చూడండి. వచ్చినవన్నీ రాసి, బాగా తక్కువ వచ్చిన నాలుగో వంతు డ్రిప్పర్ల సగటుని మొత్తం సగటుతో భాగించండి. 0.9 దగ్గర ఉంటే తోట బాగున్నట్టు. 0.7 కన్నా తక్కువ వస్తే ఇక్కడ పెట్టండి, ఫిల్టరా, వాల్వా, పైపు సైజా చూద్దాం. కొలిచేటప్పుడు ఫిల్టరు తర్వాత ఉన్న ప్రెజర్ గేజీ ఎంత చూపిస్తుందో అది కూడా రాయండి, చదరపు సెంటీమీటరుకి కేజీ దగ్గర ఉండాలి.

పలమనేరు తోట:
సార్ నా గేజీ ముల్లు సున్నాలోనే ఉండిపోయింది, కొత్తది తెచ్చి యాసిడ్ పని అయినాక బాటిల్ లెక్కలు మళ్ళీ పెడతా.